బొమ్మలు సరే... కాగితాలేవి?

పసిబిడ్డను పదిగంటలు వదిలిపెట్టే చోటు గురించి ప్రభుత్వం దగ్గర ఉన్న సమాచారం కన్నవాళ్ళ కంట ఎందుకు పడదు? చెన్నై డే కేర్లు, ప్లే స్కూళ్ళ గోడల మీద కనిపించాల్సిన రాతల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

చెన్నైలో టిఫిన్ సెంటర్ తెరిచేవాళ్ళు ఆహార భద్రతా లైసెన్సును తినేవాళ్ళ కంటపడేలా గోడకు తగిలించాలి. ఫ్లాట్లు అమ్మే బిల్డరు పేపర్లో ప్రకటన ఇస్తే అందులో రెరా నంబరు ఉండి తీరాలి. మందుల షాపులో కౌంటరు వెనక ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేములో వేలాడుతుంది. ఇడ్లీ తినేవాళ్ళకూ, ఇల్లు కొనేవాళ్ళకూ, మాత్ర మింగేవాళ్ళకూ దక్కిన ఆ చిన్న భరోసా ఇంకా మాటలు రాని బిడ్డకు మాత్రం దక్కలేదు.

పొద్దున తొమ్మిదికి అప్పగించి రాత్రి ఏడుకు తెచ్చుకునే డే కేర్‌లో అడుగుపెట్టి చూడండి. గోడల నిండా ఏనుగులు, ఇంద్రధనుస్సులు, ఇంగ్లిషు అక్షరాలు. ఈ భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా, ఉంటే ఎప్పటిదాకా? చివరిసారి తనిఖీకి వచ్చినవాళ్ళు ఏం తప్పు పట్టారు? ఆ తప్పును సరిదిద్దారా? ఈ ప్రశ్నలకు ఆ ఏనుగుల దగ్గర జవాబుండదు.

తమాషా ఏమిటంటే, జవాబులు లేక కాదు. తహసీల్దారు ఆఫీసులో ఒక కాగితం, అగ్నిమాపక శాఖ దగ్గర ఒకటి, కార్పొరేషన్ ఆరోగ్య విభాగంలో ఒకటి, విద్యాశాఖ ఫైల్లో మరొకటి ఉంటాయి. లేనిదల్లా ఆ ఫైళ్ళకూ, బిడ్డను చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ తల్లికీ మధ్య దారి. ఆ దారి వేయడానికి కొత్త శాఖ, కొత్త పథకం అక్కర్లేదు. గేటు దగ్గర ఒక బోర్డు చాలు.

ఒక్క నగరం, నాలుగు రకాల ఆలన

ఓఎమ్మార్ దారిలో పెరుంగుడి నుంచి సిరుసేరి దాకా ఐటీ కొలువుల్లో తెలుగు జంటలు కొల్లలు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో అమ్మమ్మ వచ్చి కొన్నాళ్ళు ఉంటుంది. ఊళ్ళో తాతయ్యకు ఒంట్లో బాగోలేదని కబురొస్తే వెళ్ళిపోతుంది. ఆ మరుసటి సోమవారం నుంచి బిడ్డకు డే కేరే దిక్కు. అక్కడి ఆయా మాట్లాడేది తమిళం, బిడ్డ వినేది తెలుగు, వాట్సాప్‌లో వచ్చే సందేశం ఇంగ్లిషు.

ఉత్తర చెన్నైలో కథ వేరు. కొరుక్కుపేట, వ్యాసర్పాడి, పాత చాకలిపేట వాడల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. నగరం చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల్లో వాళ్ళ వాటా పెద్దది. వాళ్ళ పిల్లలకు వీధి చివరి అంగన్‌వాడీయే ఆధారం. పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని బాలవాడి అనే పిలుస్తారు.

ఇక భవన నిర్మాణ స్థలాలు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్ళు మృతుల్లో ఎందరో ఉన్నారు. భార్యాభర్తలు కలిసి కూలికి వచ్చే చోట పిల్లలు ఇసుక గుట్టల మీదే పెరుగుతారు. 50 మందికి పైగా మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలకు గదులు కేటాయించాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. 30 మందికి పైగా మహిళలున్న కర్మాగారంలో క్రెష్ ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పిన మాట. దేశంలో కర్మాగారాల్లో పనిచేసే మహిళల్లో పదిలో నలుగురు తమిళనాడులోనే ఉన్నారు కాబట్టి ఈ నియమం ఎంతమంది బిడ్డల మాటో ఊహించుకోవచ్చు. 50 మంది ఉద్యోగులు దాటిన ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సదుపాయాల గురించి రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ 50 మంది లెక్కే కొనసాగింది.

అంగన్‌వాడీ సాంఘిక సంక్షేమ శాఖది. ప్లే స్కూలు పాఠశాల విద్యాశాఖది. ఫ్యాక్టరీ క్రెష్ పారిశ్రామిక భద్రత వాళ్ళది, ఆఫీసు క్రెష్ కార్మిక శాఖది. బిడ్డ ఒక్కటే, వయసు ఒక్కటే, శాఖలు మాత్రం నాలుగు. ఏ తలుపు తట్టాలో తెలియక తల్లిదండ్రులు చివరికి గూగుల్లో నక్షత్రాలు లెక్కపెట్టుకుంటారు. ఆ నక్షత్రాలు వేసేది తనిఖీ అధికారి కాదు. పుట్టినరోజు కేకు బాగుందనీ, ఆంటీ నవ్వుతూ పలకరిస్తుందనీ పడిన చుక్కలవి.

కుంభకోణం నేర్పిన నాలుగు కాగితాలు

తమిళనాడులో ఏ బడి గురించి మాట్లాడినా 2004 జూలై 16 గుర్తుకు రాక మానదు. ఆ రోజు కుంభకోణంలో శ్రీకృష్ణ ఎయిడెడ్ ప్రైవేటు పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండే పాకకు అంటుకున్న నిప్పు మేడ మీది తాటాకు కప్పుకు ఎక్కింది. ఆ కప్పు కిందే చిన్న తరగతులు నడుస్తున్నాయి. మెట్లదారి ఇరుకు. 94 మంది పిల్లలు కాలిపోయారు. ఒకే ఆవరణలో ఒకటికి మించి బళ్ళు నడుపుతున్న సంగతి అధికారులకు తెలియనిది కాదు. జస్టిస్ కె. సంపత్ విచారణ సంఘం వేశారు. తంజావూరు కోర్టు 2014 జూలై 30న తీర్పు చెప్పేసరికి పదేళ్ళు గడిచాయి. 21 మంది నిందితుల్లో పదిమందికి శిక్ష పడింది, 11 మంది నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ విషాదమే ముందుంచుకుని సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో దేశంలోని అన్ని బడులూ అగ్నిమాపక ఏర్పాట్లు, జాతీయ భవన నియమావళి పాటించాలని ఆదేశించింది.

తమిళనాడులో బడి నడపాలంటే నాలుగు కాగితాలు అడుగుతారు. భవనం గట్టిదని ఇంజినీరు ఇచ్చే ధ్రువపత్రం, 1965 నాటి పబ్లిక్ భవనాల చట్టం కింద తహసీల్దారు ఇచ్చే లైసెన్సు, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), నీరూ మరుగుదొడ్లూ బాగున్నాయని ఆరోగ్య అధికారి ఇచ్చే శానిటరీ సర్టిఫికెట్. ఈ నాలుగింటికీ గడువుంటుంది. తల్లిదండ్రులకు పనికొచ్చేది ఆ గడువు తేదీయే. ‘మాకు ఎన్‌ఓసీ ఉంది’ అనే మాట నిజమే కావచ్చు, అది నిరుటితో ముగిసిపోయి కూడా ఉండొచ్చు.

ప్లే స్కూళ్ళు చాలాకాలం ఈ లెక్కలోకే రాలేదు. ఇల్లు అద్దెకు తీసుకుని, గేటుకు రంగేసి, బోర్డు పెడితే బడి. మద్రాసు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచాక 2015లో రాష్ట్ర ప్రభుత్వం ప్లే స్కూళ్ళకంటూ ఒక నియమావళి తెచ్చింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం కూడా 3 నుంచి 6 ఏళ్ళ పిల్లల ప్రైవేటు ప్లే స్కూళ్ళకు మార్గదర్శకాలు రాసింది. 20 మంది పిల్లలకు ఒక టీచరు, తోడుగా ఒక ఆయా, ప్రహరీ, సీసీటీవీ, తల్లిదండ్రుల సంఘం ఉండాలనీ, పిల్లల మీద చేయి చేసుకోకూడదనీ అందులో ఉంది. చదవడానికి బాగానే ఉంటుంది. ఏ ప్లే స్కూలు ఇందులో ఎంత పాటిస్తోందో బయటివాళ్ళకు తెలిసే దారే లేదు.

పోర్టికోలో సంపు

2025 జనవరి 3న విళుప్పురం జిల్లా విక్రవాండిలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదివే పాప సెప్టిక్ ట్యాంకులో పడి చనిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 29న మదురైలో ఒక ప్లే స్కూల్లో నాలుగేళ్ళ పాప నీటి తొట్టిలో పడి ప్రాణం విడిచింది. రెండుచోట్లా కేసులు, అరెస్టులు, ఆ వెంటనే తనిఖీలు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, మన దగ్గర తనిఖీ అనే మాట ప్రమాదం జరిగాకే వినిపిస్తుంది.

ఈ రెండు మరణాలూ చెన్నై ఇళ్ళ వైపు వేలు చూపిస్తున్నాయి. ఈ నగరంలో నీళ్ళ కష్టం పాతది. మెట్రో వాటర్ లారీ వస్తే పట్టుకోవడానికి దాదాపు ప్రతి ఇంటికీ భూమిలో సంపు ఉంటుంది. అది సాధారణంగా ఉండేది పోర్టికోలోనో, కారు నిలిపే చోటో. దాని మీద ఇనుప మూతో సిమెంటు పలకో ఉంటుంది. లారీ వచ్చిన రోజు తీస్తారు, నీళ్ళు నిండాక వేస్తారు. తుప్పు పట్టి కొక్కెం ఊడితే ఒక ఇటుక పెడతారు. వెనకవైపు వాన నీటి ఇంకుడు గుంత. పాత ఇల్లయితే బావి కూడా ఉంటుంది. ఇలాంటి ఇళ్ళే తర్వాత ప్లే స్కూళ్ళయ్యాయి. మేడ మీదికి మెట్లు, మెట్లకు సన్నని గ్రిల్లు, గేటు తీస్తే నేరుగా రోడ్డు. పెద్దవాళ్ళకు ఇల్లుగా సరిపోయిన ఈ కట్టడమే రెండేళ్ళ పిల్లల చేతికి వచ్చేసరికి అడుగడుగునా గండమైంది.

అందుకే ‘అనుమతి ఉంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదు. సంపు మూతకు తాళం ఉందా? మేడ తలుపు మూసి ఉంటుందా? ఈ ఇంట్లో ఎంతమంది పిల్లలకు అనుమతి, ఇవాళ ఎంతమంది ఉన్నారు? పెద్దవాళ్ళు ఎందరు? చివరి తనిఖీ ఎప్పుడు, అందులో తేలిన లోపం ఏమిటి, అది ఏ తేదీకి సరిచేశారు? ఈ వివరాలు రాయడానికి ఒక తెల్లబోర్డు, ఒక మార్కర్ చాలు. రోజూ రాయాల్సి వస్తే రోజూ చూసుకోవాల్సి వస్తుంది. బోర్డు వల్ల అసలు లాభం అదే. తల్లి చదివినా చదవకపోయినా, పొద్దున్నే ‘సంపు మూత – తాళం వేశాం’ అని రాసే ఆయా ఒకసారి వెళ్ళి ఆ మూత చూసి వస్తుంది.

పేదవాడి గోడే నయం

నెలకు వేలకు వేలు ఫీజు తీసుకునే చోట కనిపించనిది, పైసా తీసుకోని అంగన్‌వాడీలో కొంతైనా కనిపిస్తుంది. తమిళనాడులో 54,439 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. లోపలికి వెళ్తే ఏ రోజు ఏ అన్నమో, ఏ రోజుల్లో గుడ్డో రాసిన పట్టిక గోడ మీద ఉంటుంది. ‘ఆడిప్పాడి విళైయాడు పాప్పా’ అనే పాఠ్యప్రణాళిక ప్రకారం ఈ నెల ఏ అంశమో చెప్పే చార్టు ఉంటుంది. పిల్లల ఎదుగుదల పట్టీలో ఆకుపచ్చ, పసుపు, నారింజ చారలు. బరువు తూచి చుక్క పెడతారు. చుక్క ఆకుపచ్చలో ఉంటే సరే, పసుపులోకి జారితే జాగ్రత్త, నారింజలో పడితే ఆస్పత్రి. చదువు రాని తల్లికి కూడా ఆ రంగు అర్థమవుతుంది. నాణ్యతను జనానికి అర్థమయ్యేలా చూపించడం మన వ్యవస్థకు చేతకానిదేం కాదనడానికి అదే సాక్ష్యం. 2021 మార్చి నుంచి ఈ లెక్కలు పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి కూడా ఎక్కుతున్నాయి.

అంగన్‌వాడీల్లో అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. అద్దె గదులున్నాయి, ఖాళీ పోస్టులున్నాయి, మరుగుదొడ్డి లేని కేంద్రాలున్నాయి. అయితే ఆ లోపాలు పత్రికలకెక్కుతాయి, శాసనసభలో ప్రశ్నలవుతాయి. ఎందుకంటే అక్కడ లెక్క ఉంది, ఆ లెక్క అడిగే హక్కు జనానికి ఉంది.

లెక్క చూపే ఈ సంప్రదాయానికి చెన్నైలో లోతైన వేళ్ళున్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది ఈ ఊళ్ళోనే. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఊరూరా బాలవాడీలకు, శిశు కేంద్రాలకు గ్రాంటు అందించిన సంస్థ అది. సర్కారు గ్రాంటు వచ్చిందంటే వెంట లెక్కా పత్రమూ రాక తప్పదు. బడికి వెళ్ళే వయసు రాని పిల్లల గురించి కేంద్ర విద్యా సలహా మండలి 1970లో వేసిన అధ్యయన బృందానికి మీనా స్వామినాథన్ నాయకత్వం వహించారు. 1972లో వచ్చిన ఆ నివేదిక 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌కు, అంటే నేటి అంగన్‌వాడీకి, పునాదుల్లో ఒకటి. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో పనిచేస్తూ, శిశు కేంద్రం నాణ్యతకూ పిల్లల ఎదుగుదలకూ ఉన్న సంబంధాన్ని కొలిచి చూపాలని ఆమె పట్టుబట్టారు. 2022లో ఇక్కడే కన్నుమూశారు.

1939లో మరియా మాంటిస్సోరి వచ్చి దిగింది కూడా అడయారులోనే. దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో ఆమె టీచర్లకు శిక్షణనిచ్చారు. ఇప్పుడు నగరంలో ఏ వీధి తిరిగినా ఆమె పేరు బోర్డుల మీద కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. లోపలున్న టీచరుకు ఆ శిక్షణ ఉందో లేదో తెలియాలంటే టీచర్ల అర్హతలు కూడా గోడెక్కాలి.

మెల్‌బోర్న్‌లో గుమ్మం దగ్గరే

ఈ విషయంలో చాలా ముందున్న దేశం ఆస్ట్రేలియా. అక్కడ 2012 జనవరి 1 నుంచి జాతీయ నాణ్యతా విధానం అమల్లో ఉంది. బోధన, ఆరోగ్య భద్రత, ఆవరణ, సిబ్బంది, పిల్లలతో మసలే తీరు, కుటుంబాలతో సంబంధాలు, నిర్వహణ అనే ఏడు విభాగాల్లో ప్రతి కేంద్రాన్నీ పరీక్షిస్తారు. ‘చాలా మెరుగుపడాలి’ నుంచి ‘అత్యుత్తమం’ దాకా రేటింగు ఇస్తారు. ఆ రేటింగు, అనుమతి వివరాలు, బాధ్యుల పేర్లు, ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పే నంబరు ప్రధాన ద్వారం దగ్గర కనపడేలా పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. కేంద్రంలో ప్రాణాంతకమైన అలర్జీ ఉన్న బిడ్డ ఉంటే, పేరు చెప్పకుండా ఆ సంగతి కూడా అక్కడే తెలియజేయాలి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి పిన్‌కోడ్ కొడితే చుట్టుపక్కల కేంద్రాల రేటింగులన్నీ వస్తాయి. గుంటూరు నుంచి వెళ్ళి మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ జంట అక్కడ బిడ్డను చేర్చేముందు చూసేది ఆ పేజీనే. అదే జంట చెన్నైకి బదిలీ అయితే చూసుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంగ్లండ్‌లో ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ తనిఖీ నివేదికలను అందరికీ అందుబాటులో పెడుతుంది, రిజిస్ట్రేషన్ పత్రాన్ని కేంద్రంలో ప్రదర్శించాలి. అమెరికాలో 2014 నాటి సమాఖ్య చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ తనిఖీ ఫలితాలను మామూలు జనానికి అర్థమయ్యే రీతిలో ఆన్‌లైన్‌లో ఉంచాలి. సింగపూర్‌లో 2019 జనవరి నుంచి ఈ కేంద్రాలన్నిటికీ ఒకే చట్టం, ఒకే సంస్థ.

అయితే బోర్డు తాయెత్తు కాదు. 2025 జూలైలో మెల్‌బోర్న్‌లోనే ఒక శిశు కేంద్ర ఉద్యోగి మీద పసిపిల్లలపై లైంగిక నేరాలు సహా 70కి పైగా అభియోగాలు మోపినట్టు వెల్లడైంది. అతడు పనిచేసిన కేంద్రాలు 20కి పైగా. మొదట్లోనే దాదాపు 1,200 మంది పిల్లలకు వైద్యపరీక్షలు చేయించుకోమని చెప్పాల్సి వచ్చింది. రేటింగు బోర్డులున్న దేశంలోనే ఇది జరిగింది. రేటింగు పడి ఏళ్ళు గడిచిపోతే అది నేటి స్థితి చెప్పదు. సిబ్బంది ఒకచోటు నుంచి మరోచోటికి మారుతుంటే వాళ్ళ చరిత్ర బోర్డు మీదికి రాదు. ఆ దెబ్బతో ఆస్ట్రేలియా సమాచారాన్ని మూసిపెట్టలేదు. సిబ్బందికి జాతీయ రిజిస్టరు పెట్టాలనీ, నిబంధనలు మీరే కేంద్రాలకు సర్కారు సొమ్ము ఆపే అధికారం ఉండాలనీ నిర్ణయించింది. తెరిచింది చాలలేదని ఇంకొంచెం తెరిచారన్నమాట.

కెమెరా చూపనిది

ఈ బోర్డు ప్రతిపాదనకు మన దగ్గర వినిపించే మొదటి జవాబు, ‘ఫోన్లో లైవ్ కెమెరా ఇస్తున్నాం కదా’ అని. ఫోన్లో బిడ్డ ఆడుకోవడం కనిపిస్తే మనసు కుదుటపడుతుంది, కాదనలేం. కానీ గోడలో వైరింగ్ ఎలా ఉందో, అగ్నిమాపక సిలిండరు గడువు ఎప్పుడు తీరిందో, సంపు మూత ఎక్కడుందో ఆ కెమెరా చూపించదు. పైగా ఒకరి బిడ్డను మరొకరి ఫోన్లో చూపించే ఏర్పాటులో తలనొప్పులు వేరే ఉన్నాయి.

రెండో జవాబులో న్యాయం ఉంది. ఇంటి ముందు గదిలో ఏడెనిమిది మంది పిల్లల్ని చూసుకుంటూ నాలుగు రాళ్ళు సంపాదించుకునే ఆడవాళ్ళు ఈ నగరంలో ప్రతి పేటలో ఉన్నారు. ఇళ్ళల్లో పనిచేసే తల్లులకు, దుకాణాల్లో నిలబడే తల్లులకు వాళ్ళే దిక్కు. నాలుగు ఆఫీసులు తిరిగి నాలుగు కాగితాలు తెచ్చుకోవడం వాళ్ళ తాహతుకు మించిన పని. బోర్డు పెట్టమని గద్దిస్తే ఉన్న బోర్డు కూడా తీసేసి చాటుగా నడుపుతారు. పిల్లలు మాత్రం అక్కడే ఉంటారు, ఇదివరకటి కన్నా చీకట్లో. కాబట్టి చిన్న కేంద్రాలకు నియమాలు వేరుగా, తేలిగ్గా ఉండాలి. ఒకే కౌంటరులో పని తెమలాలి. మొదటిసారి లోపం కనిపిస్తే జరిమానా బదులు గడువివ్వాలి. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలతో కలిపి నడిపే క్రెష్‌లు ఇలాంటి పేటల్లో పెరిగితే ఆ తల్లులకు మరో దారి కూడా ఉంటుంది.

మూడోది భయం. ఒక చిన్న లోపం గోడెక్కితే అడ్మిషన్లు పోతాయని యాజమాన్యాల బెంగ. ‘మార్చి తనిఖీలో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదన్నారు, ఏప్రిల్ మొదటివారంలో పెట్టించాం’ అని రాసున్న చోటును తల్లిదండ్రులు నమ్ముతారా, లేక ఏమీ రాయని చోటునా? లోపం లేని ఇల్లు లేదని పిల్లల్ని పెంచే ప్రతివాళ్ళకూ తెలుసు.

చట్టంలో దారులున్నాయి

సమాచారాన్ని బయటపెట్టడం మన బడులకు మరీ కొత్తేమీ కాదు. సీబీఎస్‌ఈ తన కిందున్న ప్రతి బడీ భవన భద్రత, అగ్నిమాపక, నీటి–పారిశుద్ధ్య ధ్రువపత్రాలు, ఫీజుల వివరాలు, తల్లిదండ్రుల సంఘం సభ్యుల జాబితా సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలని నిర్దేశించింది. చెన్నైలోని సీబీఎస్‌ఈ బడుల వెబ్‌సైట్లలో ‘తప్పనిసరి బహిరంగ ప్రకటన’ అనే పేజీ అదే. పన్నెండో తరగతి పిల్లవాడికి దొరికే ఈ రక్షణ, తన పేరు కూడా చెప్పలేని రెండేళ్ళ పిల్లకు లేకపోవడం తలకిందుల న్యాయం. 2020 జాతీయ విద్యావిధానం కూడా పూర్వ ప్రాథమిక స్థాయి నుంచే నాణ్యతా నియంత్రణ ఉండాలనీ, బడులు తమ వివరాలను బాహాటంగా ప్రకటించాలనీ చెప్పింది. ఆ విధానంతో తమిళనాడుకు పేచీలున్నాయి. 2025 ఆగస్టులో రాష్ట్రం తన సొంత విద్యావిధానం విడుదల చేసింది. ఆ పేచీల్లో ఏ పక్షం వారైనా బిడ్డ భద్రతను గోడ మీద రాయడాన్ని తప్పుపట్టలేరు.

బోర్డు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టంలోని 2(ఎఫ్) నిబంధన ప్రకారం, ఒక ప్రైవేటు సంస్థ గురించి ఏ చట్టం కిందనైనా ప్రభుత్వ శాఖ తెప్పించుకోగల సమాచారం కూడా పౌరులకు అందాల్సిన సమాచారమే. అంటే మీ వీధి ప్లే స్కూలు అనుమతి పత్రం, తనిఖీ నివేదిక విద్యాశాఖను అడగొచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. నలుగురు తల్లులు కలిసి ఒక దరఖాస్తు పెడితే చాలు. ఇదే చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం శాఖలు జనం అడక్కముందే తమ దగ్గరున్న సమాచారాన్ని వెల్లడించాలి. చెన్నై ప్లే స్కూళ్ళ జాబితా, ఎవరికి అనుమతి ఉంది, ఎవరిది గడువు తీరింది అన్నది ఒక వెబ్ పేజీలో, తమిళంతో పాటు ఇంగ్లిషులో, వీలైతే తెలుగులో పెట్టడానికి ఈ ఒక్క సెక్షన్ సరిపోతుంది. గేటు బోర్డు మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్ చూపగానే ఆ పేజీ తెరుచుకుంటుంది.

చేర్చేముందు చూసుకోండి

• ప్లే స్కూలు గుర్తింపు పత్రం, అందులోని చిరునామా, గడువు తేదీ. పక్క వీధి శాఖ అనుమతి ఈ శాఖకు చెల్లదు.

• నాలుగు ధ్రువపత్రాలు: భవనం గట్టిదనం, తహసీల్దారు లైసెన్సు, అగ్నిమాపక ఎన్‌ఓసీ, శానిటరీ సర్టిఫికెట్. అసలు ప్రతి అడగండి, ఫొటో తీసుకోండి. తమిళంలో ఉంటే చదివించుకోండి.

• పిల్లలు ఎందరికి ఒక టీచరు, ఒక ఆయా? మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ ఒకసారి వెళ్ళండి. అసలు సంఖ్య అప్పుడు తెలుస్తుంది.

• సంపు, సెప్టిక్ ట్యాంకు, బావి, మేడ మెట్లు, వంటగది, గేటు. మీ కళ్ళతో చూడండి, మూత మీద కాలు పెట్టి చూడండి.

• సిబ్బందికి పోలీసు పరిశీలన జరిగిందా? బిడ్డను తీసుకెళ్ళడానికి ఎవరెవరికి అనుమతి ఉందో రాసి ఉంచుతున్నారా?

• ఏదైనా తేడా అనిపిస్తే బాలల హెల్ప్‌లైన్ 1098. తమిళనాడు పాఠశాల విద్యాశాఖ సహాయ కేంద్రం 14417.

• ఆఫీసులో 50 మంది దాటి ఉంటే క్రెష్ గురించి హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. అడిగిన మెయిలు దాచుకోండి.

అడగాల్సింది ఎవరు?

కాగితాలు చూపించమంటే కొన్నిచోట్ల నొచ్చుకుంటారు. ‘ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు మేడమ్’ అంటారు. అడగకపోవడమే ఇన్నాళ్ళూ జరిగిన తప్పు. మంచి కేంద్రం నడిపేవాళ్ళకు ఈ బోర్డు బరువు కాదు, పక్కవాళ్ళ కన్నా తామెందుకు మేలో చెప్పుకునే అవకాశం. ఇబ్బందల్లా చూపించడానికేమీ లేనివాళ్ళకే.

ప్రభుత్వం చేయాల్సింది ఒక్క పేజీ ఉత్తర్వు. ప్రతి ప్లే స్కూలు, డే కేరు, క్రెష్ తన అనుమతులు, వాటి గడువు, పిల్లల సంఖ్య, సిబ్బంది సంఖ్య, చివరి తనిఖీలో తేలినవి గేటు దగ్గర పెట్టాలి. తెలుగు రాష్ట్రాలకూ ఇది వర్తించే మాటే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనూ ప్లే స్కూళ్ళ గోడల మీద ఏనుగులే ఉన్నాయి.

ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఆ పని తల్లిదండ్రులదే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మానాన్నలే. ఫీజు కట్టాక కాదు, కట్టేముందు అడగండి.